తీసిన కొవ్వును నారులా చూసుకున్నారు: రాజమండ్రిలో నా ఫ్యాట్ గ్రాఫ్టింగ్

పొట్ట దగ్గర కొవ్వు తీసి చెంపలోని గుంట పూడ్చే ఆపరేషన్, అదే ఫ్యాట్ గ్రాఫ్టింగ్, అయ్యి ఎనిమిది నెలలు దాటింది. ఇన్నాళ్లూ కావాలనే రాయలేదు. ఈ పనిలో మొదటి నెల వాపు చూసి అందరూ మురిసిపోతారు, ఫొటోలు పెడతారు, అసలు సంగతి మూడో నెల దాటితే గానీ తేలదు. ఒకసారి అలా మురిసి దెబ్బతిన్నదాన్ని కాబట్టి ఈసారి ఆగాను. చెంప నిలబడిందని నమ్మకం కుదిరాకే రాస్తున్నాను. ఆస్పత్రికి ఐదుకి నాలుగున్నర ఇస్తున్నాను, ఆ అర ఎందుకు తగ్గించానో కింద చెప్తాను.

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాకు పదకొండేళ్లప్పుడు దొడ్లో ఎండు కొబ్బరిమట్ట ఊడిపడి ఎడమ చెంప చీరుకుపోయింది. కుట్లు వేశారు, చీము పట్టింది, మళ్లీ విప్పి కడిగారు, మొత్తానికి మానింది గానీ చెంప ఎముక కింద బొటనవేలు ఆనేంత గుంట మిగిలింది. ఎదురుగా చూస్తే అంతగా తెలియదు. పక్కనుంచి వెలుతురు పడితే మాత్రం అక్కడ నీడ కనపడేది. నా పెళ్లి ఫొటోలన్నిటిలో ఒకే వైపు తిరిగి ఉంటాను.

మూడేళ్ల కిందట వేరే ఊళ్లో ఒకచోట కొవ్వు ఎక్కించుకున్నాను. పొట్ట దగ్గర కొవ్వు తీసి చెంపలో పెడితే గుంట పూడుతుందన్నారు, అది నిజమే, కానీ ఎలా చేస్తారో అడగాలని నాకు తెలియలేదు. తిమ్మిరి ఇంజెక్షన్ మాత్రమే ఇచ్చారు కాబట్టి అంతా చూస్తూనే ఉన్నాను. పెద్ద మిషనుతో గట్టిగా లాగి, వచ్చినదంతా స్టీలు గిన్నెలో పోశారు. ఈలోగా డాక్టరుగారికి ఇంకో కేసు వచ్చిందని వెళ్లారు. ముప్పావు గంటసేపు ఆ గిన్నె పైన మూత కూడా లేకుండా ఏసీ గాలికి అలాగే ఉంది. తిరిగొచ్చి, పైపైన వడగట్టి, లావు సిరంజితో చెంపలో ఒకేచోట పోసినట్టు ఎక్కించారు. నెలరోజులు చెంప నిండుగా ఉంది. మూడో నెలకి గుంట తిరిగి వచ్చేసింది, పైగా లోపల బఠాణీ గింజంత గట్టి గడ్డ. స్కానింగ్‌లో చూస్తే పెట్టిన కొవ్వు చచ్చి నూనెగా మారి, దాని చుట్టూ పొర కట్టిందన్నారు. డబ్బు పోయినందుకు కాదు, ఇక ఈ గుంట నాతోనే పోతుందని మనసు విరిగింది.

ఈ ఆస్పత్రికి రావడానికి మా ఆడపడుచు కారణం. ఆమెకి ఇక్కడే చెయ్యి కాలిన మచ్చకు వైద్యం చేశారు. "ఒక్కసారి వెళ్లి మాట్లాడొచ్చెయ్ వదినా, చేయించుకోవడం చేయించుకోకపోవడం నీ ఇష్టం" అంది. డాక్టరమ్మ నా ఫైలు తిప్పి చూసి అడిగిన మొదటి ప్రశ్న నేను అనుకోనిది. "అక్కడ తీసిన కొవ్వును ఏం చేశారో గుర్తుందా అమ్మా?" అన్నారు. గిన్నె సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఎవరినీ తిట్టలేదు కూడా. కాగితం తీసుకుని బొమ్మ గీసి అరగంట చెప్పారు. ఆ అరగంటకే వాళ్లకు నా మార్కుల్లో సగం.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో రాస్తాను. కొవ్వు అంటే వట్టి పదార్థం కాదు, బతికున్న కణాలు. ఒంట్లోంచి తీసిన క్షణం నుంచి దానికి రక్తం అందదు. కొత్తచోట పెట్టాక కూడా మొదటి కొన్ని రోజులు చుట్టూ ఉన్న కండలోంచి ఊరి వచ్చే తేమతోనే బతకాలి, ఆ తర్వాతే సన్నటి రక్తనాళాలు లోపలికి పాకుతాయి. అందుకే పెట్టే కొవ్వు సన్నటి గీతలా, చిన్న చిన్న చుక్కల్లా ఉండాలి. రెండు మిల్లీమీటర్ల లావు దాటిందంటే నడుమ ఉన్న కణాలకు ఏమీ అందదు, అవి చచ్చి నూనె అవుతాయి. నా గడ్డ అదే. ఇక తీసినప్పుడు కొవ్వుతో పాటు రక్తం, ముందు ఎక్కించిన తిమ్మిరి మందు నీళ్లు, పగిలిన కణాల నూనె అన్నీ కలిసి వస్తాయి. అవి తీసెయ్యకుండా పెడితే రెండు నష్టాలు. ఒకటి, ఎక్కించిన దాంట్లో కొవ్వు ఎంతో నీళ్లెంతో తెలియదు, వారంలో నీళ్లు ఇంకిపోతే చెంప దిగిపోతుంది. రెండు, మిగిలిన రక్తం, నూనె లోపల వాపు తెచ్చి బతకాల్సిన కణాల్ని కూడా చంపుతాయి. అలాగని అవి తీసెయ్యడానికి మరీ గట్టిగా కడిగినా, మిషనులో మరీ వేగంగా తిప్పినా కణాలు పగిలిపోతాయి. గాలి తగిలితే ఎండిపోతాయి.

ఇంటికొచ్చి ఇదంతా నాన్నకి చెప్పాను. ఆయన డెబ్బై ఏళ్ల రైతు, చదువు అయిదో తరగతి. అంతా విని, "ఊడుపు లాంటిదే కదే" అన్నారు. నారు పీకేటప్పుడు వేరు తెగకుండా పీకాలి, వేళ్ల మట్టి నీళ్లలో జాడించాలి, కట్ట కట్టి గట్టు మీద ఎండకు వదిలెయ్యకూడదు, ఏ పూట పీకింది ఆ పూటే నాటాలి, కుప్పగా గుచ్చితే దుబ్బు కట్టదు, రెండు మూడు మొక్కల చొప్పున పైపైన నాటితేనే వారానికి వేరు పట్టి మూన తిరుగుతుంది. "ముందు చేసినాయన నీ నారు గట్టు మీద ఎండబెట్టాడు" అన్నారు. ఆ మాటతో నాకు మూడేళ్ల బాధకి లెక్క దొరికినట్టయింది. తర్వాత డాక్టరమ్మకి ఈ మాట చెప్తే ఆవిడ చాలా ఇష్టపడ్డారు.

ఇది నిన్న మొన్నటి విద్య కాదని కూడా ఆస్పత్రిలోనే తెలిసింది. 1893లోనే జర్మనీలో గుస్టావ్ న్యూబర్ అనే సర్జను చేతిలోంచి కొవ్వు ముక్కలు తీసి, ముఖం మీద నాలాగే గుంటపడ్డ మచ్చ కింద పెట్టాడట. బాదం గింజకంటే పెద్ద ముక్కలు సరిగ్గా నిలవవని ఆయన అప్పుడే గమనించాడు. నూట ముప్పై ఏళ్ల కిందట తెలిసిన సంగతి నాకు జరిగిన ఆపరేషన్‌లో పాటించలేదంటే కడుపు రగిలింది. 1990లలో న్యూయార్క్‌లో సిడ్నీ కోల్‌మన్ అనే ప్లాస్టిక్ సర్జను మెల్లగా తీయడం, తిప్పి శుభ్రం చేయడం, చుక్కలు చుక్కలుగా పెట్టడం ఒక పద్ధతిగా కూర్చారు. ఇక్కడ ముఖానికి చేసేది చాలావరకు ఆ పద్ధతే.

ఆపరేషన్ రోజు గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎవరైనా చేయించుకోబోతుంటే పనికొచ్చేది ఇదే. పొద్దున ఏడింటికి రమ్మన్నారు. నన్ను కూర్చోబెట్టి గుంట చుట్టూ పెన్నుతో గీశారు, పడుకుంటే చెంప జారి గుంట ఆకారం మారిపోతుందట. తిమ్మిరి ఇంజెక్షన్‌కి తోడు కాస్త మత్తుగా ఉండే మందు ఇచ్చారు గానీ మాటలు వినపడుతూనే ఉన్నాయి. చూస్తానని ముందే అడిగాను కాబట్టి కొవ్వు సిద్ధం చేసే టేబుల్ నాకు కనపడేలా కుడిపక్కన పెట్టారు. అడిగిన దానికి విసుక్కోలేదు, అది చాలా పెద్ద విషయం నాకు.

బొడ్డు కింద చిన్న గాటు పెట్టి, తిమ్మిరి మందు, రక్తం ఆపే అడ్రినలిన్ కలిపిన సెలైన్ ఎక్కించారు. ఎక్కించి వెంటనే మొదలుపెట్టలేదు, చర్మం తెల్లబడేదాకా ఆగారు. అలా ఆగితే రక్తం తక్కువ కలుస్తుంది, తర్వాత శుభ్రం చేసే పని సగం తగ్గుతుందట. కొవ్వు లాగింది మిషనుతో కాదు, మొన మొద్దుగా, పక్కన చిన్న రంధ్రాలున్న సన్నటి గొట్టాన్ని 10 మి.లీ. సిరంజికి తగిలించి చేత్తోనే. పిస్టన్ కొంచెమే వెనక్కి లాగి పట్టుకుని మెల్లగా ఆడించారు. గట్టిగా లాగితే తీసేటప్పుడే కణాలు పగులుతాయి, అప్పుడు ఎంత బాగా శుభ్రం చేసినా లాభం లేదు. నాలుగు సిరంజిలు నిండాయి, అంటే 40 మి.లీ. నిండిన సిరంజికి నిండినట్టే మూత బిగించి స్టాండులో నిలబెట్టారు. గిన్నె అన్నది ఆ గదిలో నాకు ఎక్కడా కనపడలేదు.

తర్వాత ఆ సిరంజిల్ని సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి నిమిషానికి 3000 చుట్ల చొప్పున 3 నిమిషాలు తిప్పారు. మా ఊరి పాలకేంద్రంలో చిన్నప్పుడు వెన్న శాతం చూడ్డానికి గాజు గొట్టాలు పెట్టి తిప్పే మిషను ఉండేది, చూడగానే అదే గుర్తొచ్చింది. పనిచేసే సూత్రం కూడా అదేనట, బరువును బట్టి విడిపోవడం. బయటికి తీసి చూపించారు: పైన లేత పసుపు నూనె, మధ్యలో ముద్దపసుపు రంగు కొవ్వు, అడుగున ఎర్రటి నీళ్లు. గోదావరికి వరదొచ్చినప్పుడు కాలవ నీళ్లు బిందెలో పట్టి చిల్లగింజ అరగదీసి కలిపి తేర్చేవాళ్లం కదా, కాసేపటికి బురద అడుక్కి దిగి పైన తేట నీళ్లు నిలిచేవి. ఇక్కడ మనక్కావలసింది నడిమిది. కింద మూత విప్పి ఎర్రనీళ్లు వదిలేశారు, పై నూనె వంచేశారు, ఇంకా అంటుకున్న నూనెను దూది పట్టీ లోపలికి దించి పీల్పించారు. ఆ పట్టీ తడిసేకొద్దీ మార్చుతూ రెండు మూడుసార్లు చేశారు. చేస్తున్నది ఒక జూనియర్ డాక్టరు, చిన్న కుర్రాడు. డాక్టరమ్మ ఒక సిరంజిని దీపానికి ఎదురుగా పట్టి చూసి, ఇంకా నూనె ఉంది నాన్నా, మళ్లీ పెట్టు అన్నారు. అతను మారుమాట లేకుండా మళ్లీ పట్టీ పెట్టాడు. నేను డబ్బు కట్టింది ఆ ఒక్క మాటకే అనిపించింది.

40 మి.లీ. తీస్తే చివరికి చేతికొచ్చిన శుభ్రమైన కొవ్వు 16 మి.లీ. మాత్రమే. ముందుచోట నా చెంపలోకి పోసిందాంట్లో అసలు కొవ్వెంతో ఇప్పుడు ఊహించుకోగలను. ఆ పదహారులోనూ అడుగు భాగంలో ఉన్న చిక్కటి కొవ్వునే ముందు చెంపకి వాడారు, అందులో నిలిచే కణాలు ఎక్కువని. చిన్న కనెక్టర్ పెట్టి, గాలి బుడగ రాకుండా, పెద్ద సిరంజిలోంచి 1 మి.లీ. సిరంజిల్లోకి మార్చారు. తీయడం ఆపినప్పటి నుంచి చెంపలో మొదటి చుక్క పెట్టేదాకా గోడ గడియారం చూశాను, ఇరవై నిమిషాలకి ఒకటి రెండు అటూ ఇటూ.

చెంపలో ముందు సూదితో కిందికి అతుక్కుపోయిన మచ్చ పోగుల్ని విడదీశారు, అది చెయ్యకపోతే కొవ్వుకి చోటే ఉండదు. తర్వాత మొద్దు మొన గొట్టం లోపలికి పంపి, వెనక్కి లాగుతూ మాత్రమే కొంచెం కొంచెం వదిలారు, ఒక్కో సిరంజికి ఎన్నో గీతలు, లోతుగా కొన్ని, పైన కొన్ని. మొత్తం 7 మి.లీ. వెనక్కి లాగుతూ ఎందుకంటే ముఖంలో రక్తనాళంలోకి కొవ్వు ఒత్తిడితో వెళితే చూపు పోయే ప్రమాదం కూడా ఉంది. అరుదే, కానీ జరిగితే తిరిగి తెచ్చుకోలేం. ఈ సంగతి సంతకం పెట్టించుకునేముందు తెలుగులో నోటితో చెప్పారు, కాగితంలో దాచలేదు.

మచ్చ గీత మీద చర్మం పలచగా, గరుగ్గా ఉండేది. దానికి నానోఫ్యాట్ అని ఇంకోటి చేశారు. మిగిలిన కొవ్వులో కొంత తీసుకుని రెండు సిరంజిల మధ్య ముప్పైసార్లు అటూ ఇటూ నెట్టి, వడగట్టి, పాలలా పలచన చేస్తారు. బెల్జియం డాక్టర్లు 2013లో ప్రచురించిన పద్ధతి. అందులో కొవ్వు కణాలు పగిలిపోతాయి, గుంట పూడ్చడానికి అది పనికిరాదు. మిగిలేది మూలకణాలు, వాటి చుట్టూ ఉండే మరికొన్ని, అవి చర్మం మెత్తబడటానికి సాయం చేస్తాయని. నా మచ్చ మెత్తబడిన మాట నిజం, రంగు పెద్దగా మారలేదు. ఇంకా మిగిలింది పారేశారు. ఫ్రిజ్‌లో దాచి మళ్లీ వాడొచ్చు కదా అని మా ఆయన అడిగితే, గడ్డకట్టిస్తే చాలా కణాలు చచ్చిపోతాయండి, కావాలంటే మళ్లీ తాజాగా తీసుకుందాం అన్నారు.

ఒక్క సెంట్రిఫ్యూజే గొప్ప అని మాత్రం నేను అనను, డాక్టరమ్మ కూడా అనలేదు. సెలైన్‌తో కడిగి జల్లెడలో వడగట్టేవాళ్లున్నారు, గాజుగుడ్డ మీద దొర్లించేవాళ్లున్నారు, ఊరికే నిలబెట్టి తేర్చేవాళ్లున్నారు. రొమ్ము ఆపరేషన్ల లాంటి వాటికి ఎక్కువ కొవ్వు కావాల్సి వస్తే, సంచిలోనే కడిగి వడకట్టే ఏర్పాటు వాడతారట. ఏ ఒక్కటీ అన్నిటికంటే మేలని డాక్టర్లంతా ఒప్పుకున్న పద్ధతి లేదు. అయినా నెమ్మదిగా తీయడం, గాలి తగలనివ్వకపోవడం, నూనె, రక్తం తీసెయ్యడం, ఆలస్యం చెయ్యకపోవడం, ఇవి ఏ పద్ధతికైనా తప్పవు. మీరు ఎక్కడికి వెళ్లినా "తీసిన కొవ్వును ఎలా సిద్ధం చేస్తారు, ఎంతసేపు బయట ఉంటుంది, ఎవరు చేస్తారు" అని అడగండి. మొహమాటపడకండి. జవాబు చెప్పడానికి చిరాకుపడితే లేచి వచ్చెయ్యండి. డాక్టరుకి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ఉందో లేదో బోర్డు మీద చూడండి. బ్యూటీ పార్లర్ల వెనక గదుల్లో ఇది చేస్తామనేవాళ్ల దగ్గరికి దయచేసి వెళ్లొద్దు.

తర్వాత సంగతి త్వరగా చెప్తాను. చెంప మొదటి వారం బూరెలా ఉబ్బింది, పొట్ట దగ్గర నీలం మచ్చలు, బెల్టు నాలుగు వారాలు. చెంపకంటే పొట్టే ఎక్కువ నొప్పి. చెంప మీద ఐసు పెట్టొద్దు, నొక్కొద్దు, రుద్దొద్దు, ఆ వైపు పడుకోవద్దు అన్నారు. మా అత్తగారు ఆముదం రాసి కాపడం పెడతానని రోజూ అడిగేవారు, పాపం ప్రేమకొద్దీ, ఆవిడకి నచ్చచెప్పడమే పెద్ద పని అయింది. మూడో నెలకి వాపంతా దిగింది. పెట్టినదాంట్లో సుమారు సగం నిలిచినట్టు కొలత తీసి చూపించారు. సగమేనా అనుకోకండి, ముందే మూడు వంతుల్లో ఒకటి నుంచి రెండు దాకా నిలవొచ్చు, మనిషి మనిషికీ మారుతుంది, రెండోసారి అవసరం పడొచ్చు అని స్పష్టంగా చెప్పారు. నాకు గుంట ముప్పాతిక పూడింది. ఇప్పుడు పక్క వెలుతురులో చూసినా నీడ లేదు. గడ్డ కూడా లేదు, పాత గడ్డలో నూనె ముందే సూదితో లాగేశారు. బరువు పెరగొద్దన్నారు, పొట్ట కొవ్వు చెంపలో ఉన్నా పొట్ట కొవ్వులాగే పెరుగుతుందట. సంక్రాంతికి అరిసెలు, సున్నుండలు చూస్తూ అదే తలుచుకున్నాను.

ఇక ఆ అర మార్కు. ఫోన్ చేస్తే ఎత్తరు, నాలుగైదుసార్లు చేస్తే ఒకసారి. నాలుగో రోజు రాత్రి చెంప ఎర్రబడి భయమేసి చేస్తే ఎవరూ పలకలేదు, మర్నాడు బస్సెక్కి రాజమండ్రి వెళ్తే ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్నమాట రాత్రి ఫోన్‌లో చెప్పి ఉంటే మా ఇంట్లో నలుగురు నిద్రపోయేవాళ్లం. ఓపీలో రెండు గంటలు కూర్చోబెడతారు, పాలకొల్లు నుంచో అమలాపురం నుంచో వచ్చేవాళ్లు తిరుగు బస్సు చూసుకోవాలి కదా. ఇన్సూరెన్స్ వాళ్లు కాస్మెటిక్ అని చెల్లించలేదు, గాయం వల్ల వచ్చిన గుంట అని ఉత్తరం ఇవ్వండని అడిగితే ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది. బిల్లు డెబ్బై వేల దగ్గర తేలింది, ముందు చెప్పిన దానికంటే రూపాయి ఎక్కువ లేదు, అది మాత్రం మెచ్చుకోవాలి.

అన్నిటికంటే బాధపెట్టింది ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే జాగ్రత్తల కాగితం. మొత్తం ఇంగ్లీషులో ఉంది. థియేటర్లో ఇరవై నిమిషాలు అంత శ్రద్ధ పెట్టినవాళ్లు, ఇంట్లో ఆ కొవ్వును కాపాడాల్సిన అమ్మకీ అత్తకీ అర్థమయ్యే భాషలో నాలుగు ముక్కలు రాయలేదు. మూడో నెల చెకప్‌కి వెళ్లినప్పుడు నేనే తెలుగులో ఒక పేజీ రాసి తీసుకెళ్లాను. ఐసు, ఆముదం, కాపడం, పడుకునే వైపు, బెల్టు, జ్వరం వస్తే ఏం చెయ్యాలి, అన్నీ పెద్ద అక్షరాలతో. డాక్టరమ్మ చదివి రెండుచోట్ల దిద్ది సంతకం పెట్టారు. రిసెప్షన్‌లో నీలం ఫైల్లో ఉంది, అడిగితే జిరాక్స్ తీసి ఇస్తారు.